నీళ్లు దిగే వేళకు అన్నం

మా మేనకోడలు పోయింది. సముద్రం ఒడ్డునున్న ఒక కాలేజీలో మెరైన్ బయాలజీ చదువుతూ, డిగ్రీ చివరి ఏడాదిలో, డెంగీ జ్వరంతో పోయింది. నేను చేవెళ్ల బస్టాండులో ఉండగా మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నా, నా బిడ్డ లేదు" అన్నది. అంతే.

మా ఊరు చిన్న మంగళారంలో పుట్టిన పిల్ల సముద్రం చదువుతానంటే మొదట నవ్వింది నేనే.

"బోర్లు ఎండిపోయే ఊర్ల పుట్టి నీకు సముద్రమేందే?"

"మరి ఇక్కడేం చూడాలె మామా, ఫామ్‌హౌస్‌ల గోడలా?"

ధర్నాలంటూ తిరుగుతూ ఊరందరితో వాదించే నేను మళ్లీ నవ్వేశాను.

సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే రాళ్ల మీద చట్రం పెట్టి, అందులో ఏ నత్తలు, ఏ పీతలు బతుకుతున్నాయో రాసుకోవడం ఆమె పని. అమావాస్యకూ పౌర్ణమికీ నీళ్లు బాగా దిగుతాయి. ఆ వేళ రోజురోజుకూ జరుగుతుంది, హాస్టల్ మెస్ వేళ మాత్రం జరగదు. పస్తులుండటమే పరిశోధన అనుకునే తోటి పిల్లలను తిట్టి, తను డబ్బాలో అన్నం కట్టుకుపోయేది. రాళ్ల మీదికి దిగే ముందు ఒడ్డున కూర్చుని తల్లికి వీడియో కాల్ చేసేది. ఇక్కడ మా చెల్లెలూ కంచం పెట్టుకునేది. ఇద్దరూ కలిసి తినేవారు.

ఒకసారి నడి మధ్యాహ్నం దాటాక వెళ్తే మా చెల్లెలు అప్పుడే వడ్డించుకుంటున్నది.

"ఇప్పుడేం తిండి చెల్లె?"

"నీళ్లు దిగుతున్నయన్నా."

గోడకు ఆనించిన ఫోన్లోంచి మేనకోడలు అరిచింది: "మామా, బీపీ గోలి ఏసుకున్నవా? విప్లవం అన్నం తిన్నంక చెయ్!"

సమాధి దగ్గర, కాలేజీ నుంచి వచ్చిన మాస్టారు అన్నారు: "చాలా కష్టపడే పిల్లండి. ఒంటి సంగతే పట్టించుకునేది కాదు."

ఎంత తేలిగ్గా అనేశారు!

"పట్టించుకున్నది సార్. జొరమొచ్చిందని సెలవు అడిగింది. అమాస నీళ్లు మళ్ల దొరకయి, ఈ ఒక్కసారి పోయి రమ్మన్నది మీరే. తల్లికి ఫోన్ల చెప్పుకున్నది."

ఆయన తల దించుకున్నారు. "ఇప్పుడెందుకన్నా" అని ఎవరో నా చెయ్యి పట్టి లాగారు. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? ఆరోగ్యం జాగ్రత్త అని పిల్లలకు గోడల నిండా పోస్టర్లు అంటిస్తారు. సెలవు అడిగితే ఇవ్వరు. పోయాక తప్పును కూడా వాళ్ల మీదికే నెడతారు, అదీ పొగడ్తలాగా! చదువు కోసం ప్రాణమిచ్చిందని మీలో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ పిల్ల ప్రాణం ఇవ్వలేదు. బతకడం తెలిసిన పిల్ల అది. వేళకు తిన్నది, నిద్రపోయింది, ఒళ్లు బాగాలేదని నోరు తెరిచి అడిగింది. అడిగాక వినాల్సింది ఎవరు?

మట్టి ఇచ్చి ఇంటికొచ్చాక చర్చి వాళ్లు అన్నం తెచ్చారు. నేనే రెండు కంచాల్లో పెట్టి, ఒకటి చెల్లెలి ముందుకు జరిపాను.

"జర రెండు ముద్దలు తిను చెల్లె."

ఆమె గడియారం వైపు చూసింది.

"ఇంకా నీళ్లు దిగలేదన్నా."

నా కంచం కూడా పక్కన పెట్టి ఆమె దగ్గర కూర్చున్నాను. ఫోన్ ఎప్పటిలాగే గోడకు ఆనించి ఉంది. దాని ముందు రెండు కంచాల్లో అన్నం చల్లారుతున్నది.