పసుపు గదిలో రెండు రైళ్లు

దుబాయ్ నుంచి వచ్చేవాళ్ల పెట్టెల్లో బంగారమో, సెంటు సీసాలో ఉంటాయని మా వీధి నమ్మకం. నా పెట్టెలో బొమ్మ రైలు పట్టాలు, రెండు ఇంజన్లు, వాటిని నడిపే డిజిటల్ డబ్బా ఉన్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియక మా ఆవిడ అలాగే కూర్చుండిపోయింది. నేను మాత్రం కొత్త పెళ్లికొడుకులా తిరిగాను.

దుబాయ్ పోకముందూ, తిరిగొచ్చాకా ఆర్మూర్‌లో నా పని బోరు మోటార్ల రిపేరే. ఆలూర్‌లోనైనా, ఏర్గట్లలోనైనా స్టార్టర్ మొరాయిస్తే నాకే ఫోన్ వస్తుంది. అలాంటివాడికి ఈ బొమ్మ వైరింగ్ ఒక లెక్కా అనుకున్నాను. పసుపు బస్తాలు వేసే వెనక గది పంట వచ్చేదాకా ఖాళీయే కదా అని, అక్కడ చెక్కబల్ల కట్టి పట్టాలు పరిచాను.

“పసుపు కొమ్ములు ఉడికి, ఎండి, పాలిష్ అయితే బస్తాలు గీ అర్రలకే వస్తయ్. గప్పటికి నీ రైలు నడిస్తే సరే, లేకుంటే బల్ల పీకుడే,” అంది మా ఆవిడ. అన్నదంటే చేసే మనిషి. పీకితే మళ్లీ కట్టడానికి ఇంట్లో జానెడు చోటు లేదు.

ఈ పద్ధతిలో పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ఒక్కో ఇంజన్‌లో చిన్న బోర్డు, దానికో నంబరు. డబ్బాతో వచ్చిన రిమోట్ మీద ఏ నంబరు నొక్కితే ఆ ఇంజనే కదలాలి. పట్టాలను రెండు భాగాలు చేసి, నడుమ కరెంటు దాటని ప్లాస్టిక్ అతుకు పెట్టి, దేని వైర్లు దానికిచ్చాను. ఎర్ర ఇంజన్ అతుకునైతే దాటింది గానీ, ముందుకు పొమ్మంటే వెనక్కి పోయింది. బోరు మోటారు ఉల్టా తిరిగితే మేం చేసేది ఒక్కటే, రెండు వైర్లు అటుదిటు మార్చడం. చేయి దానంతటదే పోయింది, ఇంజన్ నిలబడ్డ భాగం వైర్లు మార్చేశాను. అయినా వెనక్కే పోయింది. పైగా అతుకు మీదికి రాగానే డబ్బా టక్కున ఆగిపోయింది.

ఇక రోజూ అదే తంతు. టంకం అంతా ఊడదీసి మళ్లీ వేశాను. డబ్బాను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంతలో మా బావమరిది ఫోన్ చేసి, పాలిష్ అయిపోయింది, ట్రాక్టర్ బయలుదేరిందన్నాడు.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. “మొదాలు గా అతుకు దాటిందా?”

“మంచిగనే దాటింది.”

“మరి గప్పటి సంది ఏం ముట్టినవ్?”

“ఏం ముట్టలే. జర వైర్లు మార్చిన, గంతే.”

అంటుండగానే నాకు వెలిగింది. ఓరి నా తెలివి! ముందువెనకలు చూసుకునేది వైర్లు కాదు, ఇంజన్‌లోని బోర్డు. నేను ఒక భాగాన్ని ఎదురు తిప్పాను కాబట్టి, చక్రాలు అతుకెక్కగానే షార్ట్ అవుతోంది. వైర్లు మళ్లీ యథాప్రకారం కలిపి, దిశను రిమోట్‌తో బోర్డులోనే మార్చాను. ఎర్ర ఇంజన్ ముందుకు కదిలి, అతుకు దాటింది. పచ్చ ఇంజన్‌ను పక్క పట్టా మీద ఎదురుగా తోలాను. రెండూ నేను అట్టముక్కలతో కట్టిన స్టేషన్ దగ్గర ఒకదాన్నొకటి దాటుకుని పోతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మోటార్లు ఎన్ని బాగుచేసినా ఇంత సంతోషం ఎరగను.

“ఏదీ, ఇటియ్యి,” అని మా ఆవిడ రిమోట్ లాక్కుంది. బయట ట్రాక్టర్ ఆగింది.

“అక్కా, బస్తాలు యాడ దింపాలె?” అని మా బావమరిది కేకేశాడు.

ఆమె పట్టాల మీంచి కళ్లు తిప్పలేదు.

“మేం పండే అర్రల దింపు,” అంది. “ముందుగాల గా మంచం బయటెయ్యి.”