అవ్వ తలకు మూరెడు ఎత్తులో

ఇది ఆకాశాన్ని గెలిచిన ఒక వీరుడి గాథ. అలా మొదలుపెడదామనుకున్నాను గానీ, నిజానికిది ఒక అవ్వ, నాలుగు మేకలు, నా రిమోట్ గ్లైడర్ కథ.

నిరుడు సెలవుల్లో, మూడు నెలలు కూర్చుని చేసుకున్న గ్లైడర్‌ను మదురై దగ్గర మా ఊరి కొండ మీద ఎగరేశాను. దానికి ఇంజను లేదు, కొండను తాకి పైకి లేచే గాలే ఆధారం. నలుగురూ తిరిగే చోటు కాబట్టి, దించే ముందు గట్టిగా హెచ్చరించాలి.

దించుతుండగా మేకలు తోలుకుంటూ ఒక అవ్వ అడ్డొచ్చింది. "ల్యాండింగ్!" అని రెండుసార్లు అరిచాను. ఆవిడే కాదు, మేకలు కూడా పట్టించుకోలేదు. తమిళ ఊళ్ళో ఉండే మా తెలుగు వాళ్ళకు తెలుగు ఇంట్లో మాటే, వీధిలో అరిచేది కాదు. కానీ భయంలో నోటికి అదే వచ్చింది.

"అవ్వా, కూసో!"

టక్కున కూర్చుంది. గ్లైడర్ ఆవిడ తలకు మూరెడు ఎత్తులో ఉంది. గ్లైడర్ పోయినా సరే, మనిషికి తగలకూడదని దాన్ని ముళ్ళకంపలోకి తిప్పేశాను. రెక్క విరిగింది.

"ఎవురింటి పిలగాడివిరా? మనోడివేనా?"

"అవునవ్వా."

"అయితే మొదలే మన మాటలో చెప్పేదానికేమి? నోరు అరిగిపోతాదా?"

ఇప్పుడు ముందుగా కొండంతా చూసి, ఇంగ్లీషు, తమిళం, తెలుగు మూడు భాషల్లో అరిచాకే దించుతున్నాను.

రెక్క అతికించిన జిగురు ఆరడానికి ఒక రోజు పట్టింది.