ఓడెక్కిన గిత్త

నా పరువు హోసూరులో, ఒక ఆదివారం పొద్దున, సంఘం పెద్దలందరూ చూస్తుండగా, ఒక గిత్త కాళ్ల కింద పడి నలిగిపోయింది. అది కథలో గిత్త. కథలో గిత్త తొక్కితే ఏమవుతుందిలే అనుకోకండి. నిజం గిత్త తొక్కితే కట్టు కట్టించుకుని పడుకోవచ్చు, నలుగురూ పరామర్శకు పళ్లు తెస్తారు. నాకు పళ్లు ఎవరూ తేలేదు. ఇప్పటికీ చుట్టాల పెళ్లిళ్లలో నేను కనబడితే చాలు, పంక్తిలో ఎవరో ఒకరు తలెత్తి, "ఏమ్మా సుగుణా, గిత్త బాగుండాదా?" అంటారు.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఎనభైల మొదటి రోజులు. మాది హోసూరు బజారులో చింతపండు, శెనక్కాయల వ్యాపారం చేసే ఇల్లు. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, బెంగుళూరు బేరగాళ్లు వస్తే కన్నడం. మా ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు, చదివేవాళ్లకే కరువు. వ్యాపారుల సంఘం మేడ మీద గదిలో ఒక మూల, ఒకే ఒక్క బీరువాలో తెలుగు పుస్తకాలుండేవి. ప్రతి ఆదివారం పదిమంది పిల్లలం ఆ బీరువా ముందు చేరి, కొత్తగా వచ్చిన పిల్లల నవలలు ఎవరు ఏది చదివారో, అది బాగుందో లేదో, ఎందుకో చెప్పుకునేవాళ్లం. దాన్ని మేం కూటం అనేవాళ్లం.

ఆ కూటానికి పెద్దను నేనే. ఎవరూ ఎన్నుకోలేదు. అందరికంటే ఎక్కువసేపు మాట్లాడేదాన్ని కాబట్టి నాకై నేనే అయిపోయాను. మిగతా పిల్లలు "కథ బాగుంది, కోతి బాగా నవ్వించింది" అని కూర్చునేవాళ్లు. నేను అలా కూర్చునే రకం కాదు. వారపత్రికల్లో పెద్దవాళ్లు రాసే విమర్శల్లోంచి నాలుగు బరువైన మాటలు ఏరి పెట్టుకున్నాను. "శిల్పం" అనేదాన్ని, "అంతరార్థం" అనేదాన్ని. వాటి అర్థం నాకు తెలియదు. వినేవాళ్లకూ తెలియదు కాబట్టి ఇబ్బంది లేకుండా జరిగిపోయేది.

సంఘానికి అధ్యక్షుడు మా పెదనాయన, అంటే మా నాన్నకు అన్న. కూటం పిల్లలందరికీ ఆయన పెదనాయనే. మంచివాడే గానీ ఖాళీ జాగా చూస్తే ఆయనకు చేతులు ఊరుకోవు, అక్కడ మూటలు వేయాలనిపిస్తుంది. బీరువా ఉన్న మూల మీద ఆయన కన్ను పడి చాలా రోజులైంది. ఒక రోజు మేడెక్కి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "వచ్చే ఆదివారము నేనూ, సంఘము పెద్దోళ్లూ వచ్చి కూర్చుంటాము. మీరు నిజముగా సదువుతా ఉండారని మాకు తోస్తే బీరువా ఉంటాది. లేదంటే ఈడ శెనక్కాయ మూటలు ఉంటాయి. కోపము చేసుకోవద్దండి."

అరిచి ఉంటే పోట్లాడేవాళ్లం. అంత మర్యాదగా చెప్పేసరికి మాకు నిజంగా భయం పట్టుకుంది. చిన్నపిల్లలు ఇద్దరు ఏడ్చారు కూడా. నేను మాత్రం ధైర్యం చెప్పాను. "మీరేమీ మాట్లాడొద్దండి, అంతా నేను చూసుకుంటాను" అన్నాను. ఊళ్లు మునిగేది ఇలాంటి మాటలతోనే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. అంతకు రెండు వారాల ముందు పెదనాయన బెంగుళూరులో బేరం చూసి మా కూటానికి రెండు కొత్త నవలలు తెచ్చాడు. ఒకటి పల్లెటూరి కథ, పేరు "రంగడి గిత్త". ఇంకొకటి సముద్రం కథ, పేరు "ఉప్పుగాలి". కొత్తవే గానీ కుట్టనివి. అట్టలు లేవు, దారం లేదు. అచ్చయిన పెద్ద కాగితాన్ని పదహారు పేజీలుగా మడుస్తారు, దాన్ని ఫారం అంటారు. రెండు నవలల ఫారాలూ కలిపి ఒకే కట్టగా పురికొస చుట్టి ఉంది. కుట్టుకూలి మనం ఇచ్చుకుంటే చవకగా వస్తాయని ఆయన లెక్క.

మా నాన్న చింతపండు కోసం కృష్ణగిరి పోతుంటే, కట్ట చంకన పెట్టుకుని నేనూ లారీ ఎక్కాను. అక్కడ అంగళ్లకు లెక్కపుస్తకాలు కుట్టిచ్చే మాణిక్కం అని ఒకాయన ఉండేవాడు. ఆయన కట్ట విప్పి, అటూ ఇటూ తిప్పి, నా చేతికే ఇచ్చాడు. "నాకు తెలుగు మాట్లాడను వస్తాది, సదవను రాదమ్మా. నువ్వే వరసగా పెట్టి ఇయ్యి. నువ్వు పెట్టినట్లు నేను కుట్టేస్తా" అన్నాడు.

వరసగా పెట్టడం ఒక పనా? వ్యాపారస్తుల ఇంటి పిల్లను, అంకెలు చూసి పెట్టడం నాకు చెప్పాలా? చూస్తే ప్రతి అంకె ఫారమూ రెండేసి ఉన్నాయి. రెండు పుస్తకాలు కదా మరి. ఒకటి ఈ కుప్పలో, ఒకటి ఆ కుప్పలో వేసుకుంటూ పోయాను. ఒకటో పేజీ నుంచి చివరి దాకా రెండు కుప్పల్లోనూ అంకెలు ముత్యాల్లా సరిపోయాయి. కాగితం ఒకటే, అక్షరం ఒకటే, పేజీ తలమీద పుస్తకం పేరు వేసే అలవాటు ఆ అచ్చాఫీసుకు లేదు. ఒక్క ముక్క చదవకుండా పని ముగించాను. మాణిక్కం నా చురుకు చూసి మెచ్చుకుని, గట్టిగా కుట్టి, ఎర్ర కాలికో గుడ్డ అట్టలు వేసి ఇచ్చాడు.

మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. నాకు అర్థం కావడానికి ఇంకా కొన్నాళ్లుంది.

"రంగడి గిత్త" అని మొదలయ్యే పుస్తకం నేను తీసుకున్నాను. రంగడు రైతుబిడ్డ. వాడి గిత్తకు నొసట తెల్లచుక్క, ఎడమచెవి కొసన చిన్న కోత. ఒక రాత్రి దొంగలు దాన్ని తోలుకుపోయారు. పొద్దున రంగడు కొట్టంలోకి పరుగెత్తాడు. పదహారో పేజీ ఇలా ముగుస్తుంది: "గిత్తను కట్టేసే చోట". పేజీ తిప్పాను. "అలలు తాటిచెట్టంత ఎత్తు లేస్తున్నాయి."

నేను పుస్తకం మూసి కళ్లు తుడుచుకున్నాను. గిత్తను కట్టేసే చోట అలలు తాటిచెట్టంత ఎత్తు లేస్తున్నాయట. దుఃఖాన్ని ఇంతకంటే గొప్పగా ఎవరు చెప్పగలరండీ? ఆ తర్వాత ఓడ వచ్చింది, కెప్టెన్ వచ్చాడు, ఆనంద్ అనే కుర్రవాడు వచ్చాడు. ఓడెక్కాక దొంగల భయంతో రంగడు పేరు మార్చుకున్నాడని నేను గ్రహించాను. ఇంకో పదహారు పేజీలు పోయాక మళ్లీ రంగడయ్యాడు, సంతలో తిరిగాడు. చివరికి ఆనంద్ గానే ఒక దీవిలో దిగి కథ ముగించాడు. గిత్త ఊసే లేదు. శిల్పం అంటే ఏమిటో నాకు జీవితంలో మొదటిసారి తెలిసినట్టు అనిపించింది.

రెండో పుస్తకం రుక్కు తీసుకుంది. రుక్కు మత్తూరు దగ్గర పల్లెలో రైతుల పిల్ల, చదువు కోసం హోసూరులో మేనత్త ఇంట్లో ఉండేది. నాలుగు రోజులకు దిగులుగా వచ్చి, "సుగుణా, నాకు ఒకటి అర్థము కాలేదు. ఓడలోకి కొట్టము ఎట్ల వచ్చినాది?" అని అడిగింది.

తెలియదు అనే మాట నా నోటికి అలవాటు లేదు. కాబట్టి రాగి చేను అనుకుని పుస్తకం చదివితే అలాగే ఉంటుందని, సాహిత్యంలో ఓడంటే ఓడ కాదని, కొట్టమంటే కొట్టం కాదని, అంతరార్థం చూడాలని చెప్పాను. పాపం, ఆ పిల్ల తలూపింది. నా పుస్తకం చదివిన మిగతా పిల్లలూ, అర్థం కాలేదంటే తెలివి లేదంటానని, చాలా బాగుందన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. మేం ఆ దూడకు నామకరణం కూడా చేశాం.

ఆదివారం వచ్చింది. పెదనాయన, మా నాన్న, ఇంకో ఇద్దరు సంఘం పెద్దలు బెంచీ మీద కూర్చున్నారు. బీరువాకూ బెంచీకీ మధ్య నేను నిలబడ్డాను. చిన్నపిల్లలు ఇద్దరు రెండేసి మాటలు చెప్పి కూర్చున్నారు. ఇక బీరువాను కాపాడే భారం నా మీదే పడింది.

నేను చెలరేగిపోయాను. నొసటి చుక్క, చెవి కోతతో సహా గిత్త దొంగతనం చెప్పి, రంగడు ఆనంద్ గా మారడం గురించి చెప్పాను. కొట్టంలో లేచిన అలల గురించి చెప్పాను. మన దేశంలో పిల్లల నవల ఇంత ఎత్తుకు ఎన్నడూ పోలేదన్నాను. పిల్లలు నోళ్లు తెరిచి వింటున్నారు. మా నాన్న మీసం నిమురుకుంటున్నాడు. పెదనాయన మాత్రం, లారీ ఎందుకు ఆలస్యమైందో డ్రైవరు చెబుతుంటే ఎలా వింటాడో అలా విన్నాడు. అంతా అయ్యాక నిదానంగా అడిగాడు.

"బాగా చెప్పినావమ్మా. ఆ గిత్త ఏమాయ?"

"ఏ గిత్త పెదనాయనా?"

"మొదట్లో దొంగలు తోలుకొని పోయినారే, అది."

"అది ముఖ్యము కాదు పెదనాయనా. ఈడ గిత్త అంటే గిత్త కాదు. పోయిన బాల్యము."

పెదనాయన పక్కవాళ్లకేసి చూశాడు. వాళ్లు ఈయనకేసి చూశారు. "పోయింది గిత్త. రైతు ఇంట్లో గిత్త పోతే అది ముఖ్యము కాకుండా ఇంకేమి ముఖ్యము?" అన్నాడు.

"రచయిత దాన్ని మన ఊహకు ఇడిచిపెట్టినాడు."

"ఊహకు ఇడిచిపెడితే గిత్త ఇంటికి వస్తాదా?" ఆయన లేవబోతూ, గదిమూలను కళ్లతోనే కొలిచాడు. "వాళ్లు సదివింది వాళ్లకే తెలియదప్పా" అని పక్కాయనతో అన్నమాట నాకు వినబడింది. బీరువా పోతోంది, నా మాటల వల్లే పోతోంది.

అప్పుడు వెనక నుంచి రుక్కు లేచింది.

"పెదనాయనా, ఆ గిత్త నా పుస్తకములో ఉండాది."

పెదనాయన మళ్లీ కూర్చున్నాడు. "యాడమ్మా?" అన్నాడు.

"ఆఖర్లో. తుపాను వచ్చి ఓడ మునిగిపోతా ఉంటాది. పేజీ తిప్పితే రంగడు గిత్త మెడ పట్టుకొని ఏడుస్తా ఉంటాడు. నొసట చుక్క ఉండాది, ఎడమచెవి కోసిందుండాది. సుగుణ చెప్పిన గిత్తే అది. ఓడలో గిత్త ఏమిటని నేను అడిగితే అంతరార్థము అనింది."

పెదనాయన రెండు పుస్తకాలూ తెప్పించుకున్నాడు. ఒకటి ఈ మోకాలి మీద, ఒకటి ఆ మోకాలి మీద పెట్టుకుని, వేలు తడిచేసుకుంటూ పేజీలు తిప్పాడు. నా పుస్తకంలో పదహారో పేజీ చదివి, రుక్కు పుస్తకంలో పదిహేడో పేజీ చదివాడు. "గిత్తను కట్టేసే చోట... తాడు ముక్క ఒక్కటే మిగిలింది." ఆయన ముఖం మెల్లగా విచ్చుకుంది. "రెండు ఇండ్ల సామాన్లు తారుమారు చేసినట్లుండాది. ఎవరు కుట్టినారివి?" అన్నాడు.

మాణిక్కం మీదికి తోసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. తోసేసేదాన్నే. కానీ మా నాన్న, ఇంకా ఏమీ అర్థంకాక, ఎంతో గర్వంగా చెప్పాడు: "కుట్టింది మాణిక్కమే, అన్నా. వరసగా పెట్టింది మాత్రం మన సుగుణే."

నవ్వు బెంచీ మీద మొదలై, పిల్లల్లోకి పాకి, మెట్లు దిగి బజారులోకి పోయింది. పెదనాయన కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. నాకూ నీళ్లొచ్చాయి, నవ్వు వల్ల కాదు. రుక్కు వచ్చి నా పక్కన కూర్చుని, "నేను చెప్పకుండా ఉండాల్సిందేమో" అంది. మొదటి నుంచీ అది అడిగిందే సరైన ప్రశ్న, నేను చెప్పిందే తప్పు. ఆ మాట దానితో అనడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. పెదనాయన బీరువా సంగతి తేల్చకుండానే రెండు పుస్తకాలూ చంకన పెట్టుకుని దిగిపోయాడు. పాత కాగితాలకు వేస్తాడనుకున్నాను.

మరునాడు ఆయన అంగడి తలుపులు పొద్దెక్కినా తెరుచుకోలేదు. ఒంట్లో బాగాలేదేమోనని మా నాన్న నన్ను పంపాడు. పెద్దమ్మ గుమ్మంలోనే ఎదురై, "నిన్నటి నుంచి ఆ పుస్తకాలే లోకము. అన్నము ముందర పెడితే అదీ సల్లారిపోయినాది" అని విసుక్కుంది. లోపల పెదనాయన నేల మీద కూర్చుని, ఈ పుస్తకంలో పదహారు పేజీలు, ఆ పుస్తకంలో పదహారు పేజీలు చదువుతున్నాడు. నన్ను చూసి తలెత్తాడు.

"గిత్త దొరికినాదిమే. ఓడ ఏమాయో ఇంకా సూడల్ల."

"మరి బీరువా?" అన్నాను.

"ఉండనీ. మూటలు కింద వేసుకుంటాము."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో, పుస్తకాలు మళ్లీ కృష్ణగిరి తీసుకుపోయి, విప్పించి, దేనికది సరిగ్గా కుట్టించుకొస్తానని చెప్పాను. పెదనాయన రెండింటి మీదా చెయ్యి వేశాడు.

"వద్దు, వద్దు. విడగొడితే ఒకటి సదివి రెండోది ఇడిచిపెడతారు. ఇట్లుంటే ఒకటి తీసుకొన్నోడు రెండోదానికి రాక యాడికి పోతాడు? ఇన్నేండ్లు అంగడి పెట్టుకొన్నాను, నాకే తట్టలేదు ఈ కిటుకు."

ఆ ఏడాది మా బీరువాలో అన్నిటికంటే ఎక్కువ తిరిగిన పుస్తకాలు ఆ రెండే. నేను మాత్రం బీరువా మీద కుడిచెయ్యి వేసి, రుక్కు సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఎంత గొప్ప పుస్తకాన్నైనా సరే, పదిమందిలో పొగిడే ముందు, అది ఒక్క పుస్తకమేనా కాదా అని కనుక్కుంటాను.