మా ఆవిడా, దొరగారూ

మా ఆవిడకు ఉద్యోగం వచ్చిన కొత్తలో అందరికీ ఫోన్ చేసి చెప్పింది నేనే. హైదరాబాద్‌లో హిస్టరీలో ఎమ్మే చేసి, నా వెంట అమెరికాలోని ఎడిసన్ వచ్చి, వర్క్ పర్మిట్ కోసం ఏళ్ల తరబడి ఇంట్లో ఎదురుచూసిన మనిషి. చివరికి ఇంటికి అరగంట దూరంలో ఒక చిన్న ప్రైవేట్ లైబ్రరీలో పాత పుస్తకాల కేటలాగ్ రాసే పని దొరికింది. "లైబ్రరీలోనా?" అని స్నేహితులు కొందరు నసిగారు. నేను మాత్రం గర్వంగానే చెప్పుకున్నాను. దొరగారి సంగతి నాకప్పటికి తెలియదు.

ఆయన ఇంగ్లండ్‌లో ఒక పెద్ద ప్రభువంశంవాడు. పోయి వందేళ్లు దాటింది. మీసాలు సరిగా రాకముందే తండ్రి పలుకుబడితో పార్లమెంట్‌లో అడుగుపెట్టాడు. తండ్రి పోయాక ప్రభువుల సభకు మారాడు. రెండుసార్లు మంత్రి అయ్యాడు, రెండుసార్లూ సొంత పార్టీవాళ్లతోనే తగవుపడి బయటికొచ్చాడు. పదవి ఊడినప్పుడల్లా పుస్తకాలు కొన్నాడు. కోట పైకప్పు బాగుచేయించుకోలేక ఆయన మనవడు ఆ పుస్తకాలన్నిటినీ ఒక అమెరికన్ మిల్లు యజమానికి అమ్మేస్తే, అవి ఓడెక్కి న్యూజెర్సీలోని ఈ లైబ్రరీకి చేరాయి. ఇదంతా నేను చదివి తెలుసుకున్నది కాదు, అన్నం తింటూ విన్నది.

"ఇవాళ మా దొర ఏం చేశాడో తెలుసా?" అని మా ఆవిడ మొదలుపెట్టేది. చదువుతూ పుస్తకాల అంచుల్లో పెన్సిల్‌తో రాయడం ఆయన అలవాటట. తన ప్రత్యర్థి రాసిన పుస్తకంలో పేజీ పేజీకీ 'అబద్ధం', 'మళ్లీ అబద్ధం' అని రాసుకుంటూ పోయి, ఒక్కచోట మాత్రం 'ఇది నిజమే, ఛీ' అని రాశాడట. చెప్పి పగలబడి నవ్వింది. నా ఆఫీస్ జోకులకు ఆ నవ్వు ఏనాడూ రాలేదు. నేను మా కొత్త ప్రాజెక్ట్ గురించి చెబుతుంటే 'ఊఁ' కొట్టేది. ఆమె మనసు ఆ పుస్తకాల అరల మధ్యే ఉందని నాకు తెలుస్తూనే ఉండేది.

ఒకసారి నేను కంచం ముందునుంచి విసురుగా లేచిపోతే మా అమ్మాయి అడిగింది. "నాన్నా, ఆ లార్డ్ ఎప్పుడో డెడ్ కదా. వై ఆర్ యూ మ్యాడ్?"

మర్నాటి నుంచి రైల్లో ఆఫీస్‌కి వెళ్తూ ఫోన్‌లో ఆయన గురించి వెతకడం మొదలుపెట్టాను. తప్పు దొరక్కపోదు అనుకున్నాను. దొరికింది. మద్రాసు వైపు జనం కరువుతో చస్తుంటే, ధాన్యం ఎగుమతి ఆపకూడదని సభలో నిలబడి గట్టిగా మాట్లాడిన మహానుభావుడు ఈయన. రైల్లోనే నాకు పట్టలేనంత సంతోషం వేసింది.

శనివారం ఆమె దోసెలు పోస్తుండగా బయటపెట్టాను. "నీ దొర మనవాళ్ల కరువులో ఏం వాగాడో తెలుసా నీకు?"

ఆమె అట్లకాడ ఆపలేదు. "తెలుసు. వచ్చే నెల మా లైబ్రరీ ఎగ్జిబిషన్‌లో ఫస్ట్ గ్లాస్ కేస్ అదే. బోర్డ్‌తో ఫైట్ చేసి పెట్టించాను."

"మరి ఇన్నాళ్లూ మా దొర, మా దొర అంటూ తిరిగావు?"

"మంచివాడని ఎప్పుడైనా అన్నానా? చెప్తుంటే నువ్వెప్పుడైనా పూర్తిగా విన్నావా?"

దోసె నా కంచంలో వేసి వెళ్లిపోయింది.

ఎగ్జిబిషన్‌కు నేనూ అమ్మాయీ వెళ్లి వెనక వరసలో నిలబడ్డాం. గద్వాల చీరలో మా ఆవిడ మొదటి అద్దాలపెట్టె పక్కన నిలబడి మాట్లాడుతోంది. పెట్టెలో ఒకవైపు దొరగారి ప్రసంగం, రెండోవైపు మద్రాసు కరువు మీద ఆయన కొన్న పుస్తకం. ఆ కాలంలో పుస్తకాలు పేజీల మడతలు కోయకుండానే వచ్చేవట, చదివేవాళ్లే కత్తితో కోసుకోవాలట. ఈ పుస్తకంలో ఒక్క మడతా కోయలేదు.

ముందువరసలో ఒక తెల్ల పెద్దాయన చేయెత్తాడు. చదవని పుస్తకాన్ని సాక్ష్యంగా పెట్టి మనిషిని దోషిని చేస్తారా అని ఇంగ్లీషులో అడిగాడు.

"ఆయన తన శత్రువులు రాసినవి కూడా చదివాడు, సర్. దీన్ని కొని, చదవలేదు. నేను చెబుతున్నది అంతే," అంది మా ఆవిడ, ఇంగ్లీషులోనే, నెమ్మదిగా.

అందరూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు. ఆ వెలుగును నేనెప్పుడూ చూడలేదు. ఊరూ పేరూ తెలియని జనం నాతోపాటే దాన్ని చూస్తున్నారు. అప్పటిదాకా పోయినవాడొక్కడి మీదే అసూయ. ఇప్పుడు బతికున్నవాళ్లమీద కూడా.

తిరిగి వస్తుంటే కార్‌లో చెప్పేశాను. "నాకు ఆ దొరంటే పడదు."

"తెలుసులే. ఒకసారి వచ్చి ఆయన బుక్స్ నువ్వే చూడు. తిట్టేదేదో చదివి తిట్టు."

ఇప్పుడు శనివారాలు నేనూ ఆ లైబ్రరీకి వెళ్తున్నాను. చేతులు కడుక్కుని, ఆమె తెచ్చిచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటాను. కొంత అర్థమవుతుంది, కొంత కాదు. లోపలి గదిలో ఆయన అరల మధ్య ఆమె నిచ్చెన జరుపుకుంటున్న చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. ఆ గదిలోకి నన్ను ఇంకా రానివ్వలేదు. స్టాఫ్‌కు మాత్రమేనట.