మైపాడు నుంచి వాకాడుకు, పోలిక ముద్ద ఆపేదానికి

చచ్చిన పెద్దల నోటికాడ కూడు లాగేసిందని మా తమ్ముడి పాలెంలో నన్ను ఆడిపోసుకుంటున్నారు. లాగేసినాను. ఎందుకు లాగేసినానో చెప్తాను, విని మీరే చెప్పండి. నాకు చదువు రాదు; నేను చెప్తా ఉంటే మా మనవరాలు స్వప్న ఫోనులో కొడతా ఉంది. ఈ పిల్లకి పెళ్ళీడు రాకముందే షుగరు వచ్చింది. మనిషి సన్నగా కట్టెపుల్ల మాదిరి ఉంటుంది, అయినా రోజూ ఇన్సులిన్ సూది. ఆమధ్య కడుపునొప్పితో నెల్లూరు ఆస్పత్రిలో చేర్చినప్పుడు తీసిన నెత్తురు గాజు గొట్టంలో కాసేపు నిలబెట్టినారు. కింద ఎరుపు, పైన కొబ్బరిపాల మాదిరి తెల్లగా, మందంగా తేలింది. ఆ గొట్టాన్ని స్వప్న ఫోనులో ఫోటో తీయించినాను. మా అమ్మకి కాలు కోసుకున్నప్పుడు కారింది కూడా అట్లాంటి నెత్తురే. పెద్దోళ్ళు ఆవిడ్ని పాలనెత్తురు మనిషి అని చాటుగా అనుకునేవాళ్ళు.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఒకే చేప నలుగురు తింటే ఆ కొవ్వు నలుగురి ఒంట్లో ఒకే తీరుగా అరగదంట, దానికి ఇన్సులిన్ ఊరడమూ ఒకే తీరుగా ఉండదంట. ఎవరికెట్ల అనేది కొంత అమ్మానాయనల నుంచే వస్తుంది. మా వంశంలో కొందరికి నెత్తుట్లో కొవ్వు విరిగే పని పుట్టుకతోనే సరిగా జరగదు. అది పేరుకుని కడుపులో క్లోమం వాచిపోతుంది. వాచి వాచి ఇన్సులిన్ వదలడమే తగ్గించేస్తుంది. మేమంతా మేనరికాలు చేసుకున్నోళ్ళం, రెండు పక్కల నుంచీ అదే వచ్చి చేరింది. "ఈ పిల్ల పోలికతో మీ ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా అమ్మా?" అని అడిగింది. పోలిక ఉన్నోళ్ళని ఏరే ఆచారమే మా ఇంట్లో ఉంది మరి.

ఏటా పెద్దలకు పెట్టేటప్పుడు, విస్తట్లో వడ్డించిన కూరలన్నిటి మీద తేలే నూనె, మాంసం కొవ్వు తీసి అన్నంలో కలిపి పెద్ద ముద్ద చేస్తారు. కాకి ముట్టినాక, చచ్చినోళ్ళ పోలిక ఎవరికుంటే వాళ్ళు ఆ ముద్ద మొత్తం తినాల. మా అమ్మ తినింది. మా అక్క తినింది. ఇద్దరూ కడుపునొప్పితోనే పోయినారు. పోయినేడు మా తమ్ముడు కోటయ్య కొడుకు తిన్నాడు. ఆ రాత్రి మొదలైన నొప్పితోనే పోయినాడు. పెద్దలు పిలుచుకున్నారు అన్నారు. ఈ ఏడు ఆ పోయినోడి కూతురు కావ్య వంతు. ఎనిమిదేళ్ళ పిల్ల.

పెద్దల దినాన తెల్లారగానే స్వప్నా నేనూ మైపాడులో ఆటో ఎక్కి నెల్లూరు బస్టాండులో దిగినాము. ఆడ నుంచి గూడూరు, గూడూరు నుంచి కోట మీదగా వాకాడు. పల్లెవెలుగు బస్సుల్లో ఆడోళ్ళకి టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. గూడూరులో ఇడ్లీ తినండి, దాటితే ఏమీ దొరకదు. వాకాడు నుంచి పాలెందాకా ఆటోకి నూటయాభై అడిగినాడు. ఎవరింటికో చెప్పగానే ఆ డ్రైవరు మొహం మారిపోయింది.

"అవ్వా, సరుగుడు తోపు కాడ దించుతా. ఆ ఇంటి ముందు బండి ఆపను."

"దెయ్యాలు నా వయసుదాన్ని తీసుకుపోయి ఏం చేసుకుంటాయిరా, పళ్ళు కూడా లేవు," అన్నాను. నవ్వలేదు. తోపు కాడే దించి వెనక్కి తిప్పుకున్నాడు.

తోపులో ఆకు కదలడం లేదు. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. సముద్రం ఎదురుగానే ఉంది, అల విరగడం కనపడతా ఉంది, చప్పుడు మాత్రం చెవికి రావడం లేదు. స్వప్న నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటి వసారాలో పూలదండలేసిన పటాలు వరసగా ఉన్నాయి. ఆ పటాల కింద, తలంటి పోసుకుని, కొత్త గౌను తొడుక్కుని కావ్య కూర్చుని ఉంది. పటాల్లో మొహమే కింద కూడా ఉంది, దండ ఒకటే తక్కువ. దాని మోచేతుల మీద పసుప్పచ్చటి చిన్న పొక్కులు. స్వప్న తన చొక్కా చెయ్యి పైకి లాగి చూపించింది. అవే పొక్కులు.

విస్తట్లో ముద్ద సిద్ధంగా ఉంది, నూనె కారతా ఉంది. పొద్దున్నించీ కాకి రాలేదంట. కాకి ముట్టందే ఎవరూ తినకూడదు కాబట్టి అందరూ కాచుకుని ఉన్నారు. నేను పోయి విస్తరి పక్కన చతికిలబడినాను.

"లెయ్యి అక్కా. ముద్దకి అడ్డం పోతే పెద్దలు ఊరుకోరు," అన్నాడు కోటయ్య.

"ఊరుకోకపోతే నా కాడికి రమ్మను. నేను కూడా ఆ కడుపున పుట్టినదాన్నే."

స్వప్న ఫోనులో గాజు గొట్టం ఫోటో తెరిచి వాడి కళ్ళ ముందు పెట్టింది. వాడు చూసినాడు. చూసి మెల్లగా గోడకి ఆనుకున్నాడు.

"మావోడి నెత్తురు కూడా ఇట్నే ఉండింది అక్కా. ఆస్పత్రిలో చూసినా. పెద్దలు పాలు తాపి తీసుకుపోతున్నారనుకున్నా. ఎవురికీ చెప్పలా."

వాడి కోడలు, కావ్య తల్లి, తలుపు చాటున నిలబడి ఉంది. నీ మొగుడు పోయే ముందు నోరు తెరిచి ఏమడిగినాడమ్మా అని అడిగినాను.

"గంజి అడిగినాడు పెద్దమ్మా. పలచగా, ఉప్పేసి. నోటిదాకా పోనేలేదు."

"అయితే వాడికి బాకీ ఉండేది అదే. పెట్టు."

ఆ పిల్ల ఏడవకుండా పోయి గంజి వార్చి గిన్నెలో తెచ్చి పెట్టింది. గిన్నె నేల తాకీ తాకకముందే, ఎక్కడి నుంచి వచ్చిందో, ఒక్కటే కాకి వాలింది. ముద్ద వైపు మెడ తిప్పి చూసింది. గంజి తాగింది. తల ఎత్తి కావ్యని చాలాసేపు చూసి ఎగిరిపోయింది. కోటయ్య చేతులు జోడించినాడు. మిగిలిన గంజి కావ్య తాగింది. ముద్దని నేనే ఎత్తుకుపోయి సముద్రంలో వేసినాను. అప్పుడు వినపడింది నాకు అలల చప్పుడు.

కాకి రాకపోయినా ఆ ముద్ద నేను తిననిచ్చేదాన్ని కాదు, ఆ మాట పాలెంలో అందరూ వినాల. మర్నాడు పిల్లని నెల్లూరు తీసుకుపోయినాము. దాని నెత్తుట్లోనూ తెలుపు తేలింది, కానీ క్లోమం ఇంకా చెడలేదు, నూనె, కొవ్వు బాగా తగ్గించి కాపాడుకోవచ్చు అనింది డాక్టరమ్మ. నేను మా నాయన పోలిక, ఎంత కొవ్వు తిన్నా ఏమీ కాలేదు. అందుకే మిగిలినాను. మా అమ్మ, అక్క, కోటయ్య కొడుకు, ఎవరూ బిడ్డల్ని పిలుచుకునేవాళ్ళు కాదు. మేమే ప్రేమతో ముద్ద కలిపి, వాళ్ళకి సరిపడని కూడు, వాళ్ళ మొహం ఉన్న బిడ్డకే తినిపిస్తా వచ్చినాము. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు పటాల వైపు చూడబుద్ధి కాదు.

మా మాదిరి ఆ పక్క నుంచి నెల్లూరుకి పరీక్షకి వచ్చేవాళ్ళకి ఒక్క మాట. ఈ కొవ్వు పరీక్ష పరగడుపున ఇయ్యాల, కాబట్టి ముందు రోజు సాయంత్రమే నెల్లూరు చేరి ఉండండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఆ పూట సూది సంగతి డాక్టరుని ముందే అడగండి. వచ్చేటప్పుడు, ఇంట్లో అదే మొహం ఉన్నోళ్ళని కూడా వెంటబెట్టుకుని రండి.