గట్టెక్కనన్న రంగం పెద్దమ్మ

ఎనభై ఆరులో గోదావరి పొంగుతోందని రేడియోలో విన్నప్పటి నుంచి మా అమ్మకు ముద్ద దిగలేదు. సఖినేటిపల్లిలో, ఏటిగట్టుకు నదివైపున్న పాకలో ఆవిడ అక్క ఒంటరిగా ఉంటోంది. చిన్నతనం రంగూన్‌లో, మావాళ్ల మాటలో రంగంలో, గడిచింది కాబట్టి ఊరంతా ఆవిణ్ణి రంగం పెద్దమ్మ అనేవారు. "అక్కని తీసుకురారా" అని అమ్మ ఏడుస్తుంటే అమలాపురంలో ఏడింటి బస్సెక్కాను.

గన్నవరం అక్విడక్టు దాటుతున్నప్పుడు కింద ఎర్రటి నీళ్లు చూసి బస్సులో ఆడవాళ్లు దణ్ణాలు పెట్టుకున్నారు. రాజోలు దాటి మలికిపురంలో బస్సు ఆగిపోయింది. మామూలుగా మూడు రూపాయలయ్యే దూరానికి రిక్షా అతను ఎనిమిది అడిగాడు. బేరమాడే ధైర్యం నాకెక్కడిది? "ఆయ్, తీసుకెళ్తానండి. గట్టుదాకానేనండి, కిందకి మాత్రం దిగనండి బాబూ" అన్నాడు.

ఊరంతా మేకలతో, మంచాలతో గట్టు మీదే ఉంది. పెద్దమ్మ వాకిట్లో మోకాలి లోతు నీళ్లు. ఆవిడ మాత్రం నులకమంచం మీద కూర్చుని పాక రాటను కావలించుకుంది.

"మునిగిపోతే పోతాను. గట్టు మాత్రం ఎక్కనురా."

నాకు ఒళ్లు మండింది. "ఇక్కడ పుట్టి గట్టంటే భయమేంటి పెద్దమ్మా?" అని అరిచాను.

"మీ తాత గట్టు మీదే పోయేడు కాబట్టి," అంది. "రంగంలో జపాను విమానాలొచ్చిన రోజు అక్కడోళ్లు గోతుల్లో దూరేరు, తోటల్లోకి పారిపోయేరు. మనోళ్లకేం తెలుసు? ఆపదొస్తే ఏటిగట్టెక్కడం ఒక్కటే తెలుసు. గట్టెక్కితే బతికినట్టేనని మా నాన్నే అందర్నీ అరిచి పిలిచేడు. బాంబులు వేసింది ఆ ఏట్లో ఓడల మీదేరా. మీ అమ్మ చంటిది. దాని గుడ్డలు మర్చిపోయేమని మీ అమ్మమ్మా నేనూ దాన్నెత్తుకుని వెనక్కెళ్లేం, మిగిలేం."

తాత రంగంలో పోయాడని తెలుసు గానీ, జ్వరమేదో అనుకున్నాను. ఇంతలో నీళ్లు నులకను తాకాయి. "ఇప్పుడు యుద్ధం లేదు పెద్దమ్మా, విమానాలు రావు. నా మీద ఒట్టు" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేచి గట్టెక్కింది.

మర్నాడు పొద్దున్న ఆకాశంలో మోత మొదలైంది. హెలికాప్టరు. జనమంతా తలలెత్తి, చేతులూపుతూ గట్టు వెంట పరిగెత్తారు. పెద్దమ్మ నన్ను బురదలోకి తోసి నా మీద బోర్లా పడింది. ఆవిడ గుండె నా వీపు మీద దడదడా కొట్టుకుంటోంది. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకూ బాంబులే అనిపించింది. పక్కనే ఏదో ధబ్బున పడింది.

"పులిహోర పొట్లాలండీ, లేవండి!" అని పక్కింటావిడ నవ్వింది.

పెద్దమ్మ కళ్లు తెరవలేదు. "అప్పుడు కూడా అందరూ తలలెత్తి ఇలాగే చూసేరురా" అంది. వరద తీశాక అమలాపురం చేరేదాకా ఆవిడ తలెత్తి ఆకాశం వైపు చూడలేదు.

ఆ యుద్ధం ఎక్కడో తెల్లవాళ్లకీ జపాను వాళ్లకీ జరిగిందని బళ్లో చదువుకున్నాను. ఓడరేవులో బస్తాలు మోసి బతకడానికి వెళ్లిన మా తాతకు ఆ ఇద్దరితోనూ తగువు లేదు. ఆయన భయం మాత్రం నలభై ఏళ్లు దాటాక కూడా మా ఇంట్లోనే ఉంది.

శ్రావణ భాద్రపదాల్లో ఇటు వచ్చేవాళ్లు ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఉందో లేదో కనుక్కుని బయల్దేరండి. వరదలో ఏ ముసలావిడైనా కదలనంటే, "ఏం కాదు, రండి" అనే ముందు, ఇంతకుముందు ఏం జరిగిందో అడగండి.