తగ్గని లెక్క

మా ఆఫీసులో ఒకావిడని అందరూ అత్తగారనే అంటారు, వెనకాల. ఇరవై ఏళ్లుగా సి భాషలో ప్రోగ్రాములు రాస్తోంది. ఆసుపత్రుల్లో మంచం పక్కన గుండె వేగం చూపించే మానిటర్లు మావి. వాటి ప్రోగ్రాంలో సగం ఆవిడ రాసిందే. దాన్ని నడిపి చూసి తప్పులు పట్టడం నా పని, కాబట్టి మా ఇద్దరికీ పడదు.

ఆవిడ పట్టింపు ఒక్కటే. మెమరీలో ఒక వస్తువును నలుగురు వాడుకుంటుంటే దానికో లెక్క ఉంటుంది. తీసుకున్నవాళ్లు ఒకటి పెంచాలి, పనైపోయాక ఒకటి తగ్గించాలి. సున్నాకి వస్తే ఆ వస్తువు చెరిగిపోతుంది. "పెంచిన చోటే తగ్గించు. ఇక్కడ నీ వెనకాల సర్దిపెట్టేవాళ్లెవరూ లేరు," అని ఆవిడ అనని రోజు లేదు.

అలాంటిది, ఒక ఆసుపత్రిలో రాత్రింబవళ్లు ఆపకుండా నడిచే మానిటర్లు తొమ్మిదో రోజుకల్లా మెమరీ నిండిపోయి మొరాయించాయి. ఎక్కడో లెక్క తగ్గక, చెరగాల్సినవి చెరగడం లేదు. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ ఉద్యోగంలో చేరిన కొత్తావిడ ఈమధ్యే ఆ ప్రోగ్రాంలో ఏవో మార్పులు చేసింది. మేనేజరు నేరం ఆమె నెత్తిన రుద్దేశాడు. సోమవారంలోగా తేలకపోతే ఆమెను ఇంటికి పంపిస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది, కానీ నా పరీక్షల్లో అన్నీ బాగానే నడుస్తున్నాయి.

ఆదివారం అత్తగారింటికి ఆమె ఆడపడుచు భోజనానికి వచ్చింది. నర్సు.

"రోగికి పెట్టిన మానిటర్ వైరు ఎప్పుడైనా ఊడుతుందా?" అని అడిగిందట అత్తగారు.

"ఊడ్డమేంటి వదినా, మేమే తీస్తాం. ఒళ్లు తుడవాలన్నా, పక్కకి తిప్పాలన్నా. రోజుకి ఇరవైసార్లు."

మా ల్యాబులో ఒక్కరోజైనా వైరు పీకి చూసినవాళ్లు లేరు. నేనూ పీకలేదు. ఇది విన్నాక నిజంగా సిగ్గేసింది.

సోమవారం మీటింగులో అత్తగారు లేచి నిలబడింది. "వైరు లేకపోతే గుండె వేగం చదివే ఫంక్షన్ లెక్క తగ్గించకుండానే మధ్యలో బయటికొచ్చేస్తోంది. మిగతా చోట్ల మానిటర్లు రోజూ ఆపుతారు, ఆపితే మెమరీ ఖాళీ అయిపోతుంది కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. ఎనిమిదేళ్ల కిందట నేను రాసిందే అది. ఈమెకేం సంబంధం లేదు."

అత్తగారు తన బల్ల దగ్గరికెళ్లి, తగ్గించే లైను ఒకటి చేర్చి, సరిచూడమని కొత్తావిడకే పంపింది. అత్తగారు రాసింది చదివి తిప్పి పంపిన ప్రోగ్రామర్లు మా ఆఫీసులో అప్పటిదాకా లేరు.

పది నిమిషాల్లో కొత్తావిడ వచ్చింది. "మేడమ్, మధ్యలో బయటికొచ్చే దారులు మూడున్నాయండీ. మీరు ఒక్కదాన్నే సరిచేశారు. మూడూ చివర ఒకేచోట కలిసేలా చేసి, అక్కడ తగ్గిద్దామా?"

అత్తగారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. తర్వాత కుర్చీలోంచి లేచింది.

"కూర్చో," అంది. "నువ్వే రాయి."